పోర్షె 911 చక్రముల చరిత్ర

పాత స్పోర్ట్స్ కారును సంపాదించిన వారిలో అనేకులకు, ఇంజను సరిచేయించి రంగు వేయించిన పిమ్మట, మొట్టమొదట కలుగు కోరిక దాని చక్రములను మార్చి, మఱింత పెద్ద రిమ్ములను, మఱింత వెడల్పైన టైర్లను అమర్పవలెనని. ఈ కోరికను నిందింపఁ బనిలేదు. ఏలయన, ఆ కార్లను నిర్మించిన సంస్థలే దశాబ్దముల తరబడి ఈ పని చేసినవి. అయితే ఆ సంస్థలు వెడల్పును పెంచిన ప్రతిసారియు దానితోపాటు మఱి యేమేమి మార్చినవో విచారింపక, వెడల్పును మాత్రమే గ్రహించినవాడు పులిని చూచి వాత పెట్టుకొన్న నక్కవలె నగుబాటు పాలగును. ఈ విషయమును నిరూపించుటకు, జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరమున 1964 మొదలు ఎడతెగక తయారగుచున్న పోర్షె 911 కంటె తగిన ఉదాహరణము దొరకదు.

చక్రము నానాటికి పెద్దదగుచు వచ్చినదను అభిప్రాయము చరిత్రకు విరుద్ధము. 1888లో జాన్ బాయిడ్ డన్‌లప్ బెల్‌ఫాస్ట్ నగరమున గాలి టైరును సైకిలుకు అమర్చిన నాటికిని, 1895లో మిషెలిన్ సోదరులు పారిస్–బోర్డో పందెములో గాలి టైర్లు గల కారును నడిపిన నాటికిని వాహనముల చక్రములు ఎత్తుగను, సన్నగను ఉండెడివి. గతుకుల బాటపై దొర్లుటకు ఎత్తు అవసరము, వెడల్పుతో పనిలేదు. బాటలు బాగుపడిన కొలది చక్రములు కుఱచవైనవి. పోర్షె సంస్థవారి తొలి కారు 356 మొదట 16 అంగుళముల సన్నని చక్రములపై నడచినను, 1955లో వెలువడిన 356 ఏ రకమునకు 15 అంగుళముల వ్యాసమును 4.5 అంగుళముల వెడల్పును గల రిమ్ములు వచ్చినవి. 1959లో ఇంగ్లండున వెలువడిన మినీ కారు కేవలము 10 అంగుళముల చక్రములతో నడచెను. వ్యాసము తగ్గుట, వెడల్పు పెరుగుట ఆనాడు ఏకకాలమున జరిగిన మార్పులు.

వెడల్పైన టైరునకు మార్గము సుగమము చేసినది రేడియల్ నిర్మాణము. అంతకు పూర్వమున్న క్రాస్‌ప్లై టైరులో నూలు పోగులు ఏటవాలుగా ఒకదానిపై నొకటి అడ్డముగా పఱచియుండుటచేత, మలుపులో పక్కగోడ ఒరిగినపుడు నేలను తాకు భాగము కూడ దానితోపాటు మెలిపడి, ఒక అంచు నేలను విడిచి పైకి లేచెడిది. అట్టి టైరును మిక్కిలి వెడల్పు చేసినచో లాభమునకు మించి నష్టము వాటిల్లెడిది. మిషెలిన్ సంస్థ 1946లో పేటెంటు పొంది 1949లో విక్రయమునకు తెచ్చిన రేడియల్ టైరులో పోగులు ఒక అంచునుండి రెండవ అంచునకు తిన్నగా సాగును; నేలను తాకు భాగమును ఉక్కు తీగెల పట్టీ బిగించియుండును. పక్కగోడ ఎంత వంగినను అడుగుభాగము చదునుగా నేలను అంటియుండుట దీని విశేషము. ఆపై, పక్కగోడ ఎత్తును వెడల్పులో నూటికి 70 వంతులకును, 60 వంతులకును, 50 వంతులకును తగ్గించుచు పోవుట సాధ్యమయ్యెను.

911 కారును 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో చూపినపుడు దాని రిమ్ముల వెడల్పు 4.5 అంగుళములు, టైర్ల వెడల్పు 165 మిల్లీమీటర్లు మాత్రమే. ఇంజను వెనుక ఇరుసునకు అవతల వ్రేలాడు నిర్మాణమగుటచే, వేగముగా మలుపు తిరుగుచు మధ్యలో ఆక్సిలరేటరునుండి కాలు తీసినచో వెనుకభాగము బయటకు విసరివేయబడు స్వభావము తొలి కార్లలో ఉండెను. దీనిని అణచుటకు తొలుత ముందు బంపరులో బరువైన లోహపు ముద్దలను అమర్చిరి, అది తాత్కాలికోపాయము. అసలు చికిత్స 1969 నమూనా సంవత్సరమున జరిగెను: ముందు వెనుక ఇరుసుల నడిమి దూరమును 57 మిల్లీమీటర్లు పెంచి, మడ్‌గార్డులను కొంచెము వెలుపలికి ఉబ్బించి, 911 ఎస్ రకమునకు 6 అంగుళముల రిమ్ములను, 185/70 టైర్లను (అనగా 185 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో నూటికి 70 వంతుల పక్కగోడ ఎత్తు గలవానిని) ఇచ్చిరి. వెడల్పు పెరిగిన ఆ సంవత్సరముననే ఇరుసుల నడిమి దూరము కూడ సవరింపబడుట గమనింపదగినది. రిమ్ము బరువు పెరుగకుండ చూచుటకు మార్గము అప్పటికే సిద్ధమైయుండెను; 1966లో 911 ఎస్‌తో వచ్చిన ఫుక్స్ సంస్థవారి అయిదు రేకుల చక్రములు పోత పోసినవి గాక, తేలికైన మిశ్రలోహమును అదిమి రూపొందించినవి. నేటికిని ఆ కారును దూరమునుండి గుర్తింపజేయునవి అవియే.

1972 అక్టోబరులో పారిస్ ప్రదర్శనలో కనబడిన కరేరా ఆర్‌ఎస్ 2.7 ఈ చరిత్రలో ప్రధాన ఘట్టము. పోర్షె ఉత్పత్తి కార్లలో తొలిసారిగా ముందు వెనుకల వెడల్పులు వేఱయ్యెను: ముందు 6 అంగుళముల రిమ్ముపై 185/70, వెనుక 7 అంగుళముల రిమ్ముపై 215/60. బరువులో అధికభాగము వెనుక నున్న కారునకు వెనుక పట్టు అధికముగా నుండవలెనను ఆలోచన దీనికి మూలము. కాని ఆ ఒక్క అంగుళముతోపాటు వెనుక మడ్‌గార్డుల వద్ద శరీరమును 42 మిల్లీమీటర్లు విస్తరింపవలసి వచ్చెను; సస్పెన్షనును బిగువు చేయవలసి వచ్చెను; అధికవేగమున వెనుకభాగము పైకి లేవకుండ బాతు తోకను పోలిన రెక్కను అమర్పవలసి వచ్చెను. 500 కార్లు చేయదలచి ప్రారంభించినను గిరాకి మిక్కుటమై 1,580 కార్లు తయారయ్యెను.

దాని వెనువెంటనే 1974లో వచ్చిన 911 టర్బోకు రిమ్ములు ముందు 7, వెనుక 8 అంగుళముల వెడల్పయ్యెను. ఈ దశలో ఇటలీ దేశపు పిరెల్లి సంస్థ లాన్సియా స్ట్రాటోస్ ర్యాలీ కార్లకై రూపొందించిన పి7 టైరు సాయమునకు వచ్చెను. ఉక్కు పట్టీపై నైలాను పట్టీని చుట్టుకొలత దిశగా బిగించుటచేత, పక్కగోడ మిక్కిలి పొట్టిదైనను టైరు మహావేగమున ఆకృతి చెడకుండెను. తదుపరి టర్బో 16 అంగుళముల చక్రములకు మారి 205/55, 225/50 టైర్లను ధరించెను. 1978 నమూనాలో ఇంజను 3.3 లీటర్లకును 300 అశ్వశక్తికిని పెరుగగా, 917 పందెపు కారునుండి గ్రహించిన బ్రేకులు దానికి అమరెను. ఇదే కాలమున లంబోర్గిని కౌంటాష్ మఱియొక మెట్టు పైకెక్కి, 1978 నాటి ఎల్‌పి 400 ఎస్ రకమున వెనుక 345/35 కొలత గల టైర్లను తొడిగెను. ఆ కారునకును అందుకై సస్పెన్షనును సవరించిరి, మడ్‌గార్డులకు వెలుపలి తొడుగులు చేర్చిరి.

ఈ కొలతలను కాగితముపై లెక్కించి చూచినచో ఒక రహస్యము బయటపడును. తొలి 911 టైరు మొత్తము వ్యాసము సుమారు 645 మిల్లీమీటర్లు. ఆర్‌ఎస్ వెనుక టైరుది 639. టర్బో 225/50 టైరుది 631. రిమ్ము ఒక అంగుళము పెరిగినను, వెడల్పు 60 మిల్లీమీటర్లు హెచ్చినను, మొత్తము చక్రము పెరుగలేదు సరికదా, 14 మిల్లీమీటర్లు తగ్గినది. పెరిగిన రిమ్ము స్థలమును పక్కగోడ వదలుకొన్నది. రిమ్ము లోపల బ్రేకులకు చోటు దొరకెను. గేర్ల నిష్పత్తులు, స్పీడోమీటరు లెక్క, మడ్‌గార్డు లోపలి ఎత్తు ఇంచుమించు చెక్కుచెదరలేదు. పెద్ద చక్రమని మనము పిలుచునది యథార్థమునకు పెద్ద రిమ్మే.

వెడల్పు ఇచ్చునదేమి, తీసికొనునదేమి? నేలను తాకు భాగపు వైశాల్యము ప్రధానముగా బరువుపైనను, గాలి పీడనముపైనను ఆధారపడును; వెడల్పు పెంచినపుడు ఆ భాగము అడ్డముగా విస్తరించి నిలువుగా కుఱచయగును. దీనివలన మలుపులో కారు వెంటనే స్పందించును, ఎండిన రోడ్డుపై పట్టు హెచ్చును. కాని వాననీటిని చీల్చుకొని పోవుటకు సన్నని టైరే మేలు. వెడల్పైనది తక్కువ వేగముననే నీటిపై తేలిపోవును. పక్కగోడ పొట్టిదగుటచే గతుకు దెబ్బ సరాసరి రిమ్మునకు తగులును. పాత 911లో, 1989లో 964 రకము వచ్చువరకు, పవర్ స్టీరింగు లేదు. కావున ముందు టైర్లు వెడల్పైన కొలది నిలిపిన చోటున స్టీరింగు త్రిప్పుట భుజబలమునకు పరీక్షయగును.

కనుక పాత కారునకు టైర్లను ఎన్నుకొనువాడు మొదట అమ్మకపుదారుని మాట వినక, తన కారు ఏ సంవత్సరపుదో, దాని మడ్‌గార్డుల ఉబ్బు ఎంతయో చూచుకొనవలెను. 1969–73 నాటి స్వల్పమైన ఉబ్బు గల శరీరమునకు 6 అంగుళముల రిమ్ముపై 185/70 చాలును. ఆర్‌ఎస్ వంటి వెనుక మడ్‌గార్డులున్నచో 215/60 పొందికగా కూర్చుండును. రిమ్ము లోపలి అతుకుతలము ఎంత లోపలికో ఎంత వెలుపలికో ఉన్నదో కొలవక బిగించినచో చక్రము బయటకు పొడుచుకొని వచ్చి, బేరింగులపై భారము పెరిగి, గుంటలలో స్టీరింగు చేతినుండి జారును. అమర్చిన పిదప జాకీపై నిలిపి, స్టీరింగును రెండు వైపులకు పూర్తిగా త్రిప్పి, పిదప ఇద్దరు మనుష్యులను కూర్చుండబెట్టి నడిపి, మడ్‌గార్డు లోపలి అంచున రబ్బరు రాచుకొన్న నల్లని గీతలు పడినవేమో వెదకవలెను. అట్టి గీత ఒక్కటి కనబడినను ఆ కొలత ఆ కారునకు తగదని తెలియవలెను. వయస్సు కూడ ముఖ్యమే: పక్కగోడపై నాలుగంకెల సంఖ్యలో మొదటి రెండు వారమును, చివరి రెండు సంవత్సరమును తెలుపును, నేలను తాకు భాగపు గాడులు లోతుగా ఉన్నను ఏండ్ల తరబడి నిలువయున్న రబ్బరును నమ్మరాదు. పిరెల్లి, మిషెలిన్ సంస్థలు ఇటీవల పాత కొలతల టైర్లను తిరిగి తయారు చేయుచున్నందున, తగినవి దొరకవను సాకు నేడు చెల్లదు.

పోర్షె నిపుణులు ఒక్కొక్క అంగుళమును పెంచినపుడు ఇరుసునో, మడ్‌గార్డునో, సస్పెన్షనునో, బ్రేకునో దానికి తోడు చేసిరి. అట్టి తోడు చేయగల శక్తి, ధనము గలవారు వెడల్పును కోరుకొనవచ్చును. లేనివారు కారు పుట్టిన నాటి కొలతకు ఒక మెట్టు మించి పోకుండుటయే ఉచితము.