గుంటూరు లూథరన్ విద్యాసంస్థలు – ఇద్దరు కవులు

1842లో గుంటూరు చేరిన అమెరికన్ లూథరన్ మిషనరీ హేయర్ పాఠశాలలతో ప్రారంభించిన విద్యాకృషి 1885 నాటికి కళాశాలగా ఎదిగింది. అదే నేటి ఆంధ్ర క్రైస్తవ కళాశాల. వేదగ్రంథాన్ని ప్రజల భాషలోనే చదివించాలన్నది లూథరు సంప్రదాయం. కనుక ఈ సంస్థలకు తెలుగు బోధన అనివార్యమైంది. వీటి ప్రస్తావనను మతాంతరీకరణ ప్రకరణంతోనే ముగించడం సమంజసం కాదు. ఉపాధ్యాయ స్థానాల్లో ఎవరున్నారో కూడా పరిశీలించాలి.

వర్ణాశ్రమ ధర్మాన్ని సమర్థించిన విశ్వనాథ సత్యనారాయణ ఈ కళాశాలలోనే తెలుగు బోధించారు. అదే ఊరిలో లూథరన్ సంఘం నడిపిన ఉపాధ్యాయ శిక్షణాలయంలో గుర్రం జాషువ సుమారు పదేళ్లు పనిచేశారు. ఆయనను గురించిన రచనలు ఈ దశాబ్దాన్ని తరచు ఒక్క వాక్యంతో దాటవేస్తాయి. అంటరానితనం అడుగడుగునా వెంటాడిన పండితునికి బోధనతో జీవించే అవకాశం ఆనాడు ఎన్ని చోట్ల దొరికేది? అయినా అక్కడి సమాజంతో ఆయన బంధం సాఫీగా సాగలేదు. పురాణాలు చదివినందుకు క్రైస్తవులలో కొందరు నిరసించారు. కవిగా నిలిచినందుకు సవర్ణులలో కొందరు అవమానించారు. 1941 నాటి ‘గబ్బిలం’లో ఆలయ ప్రవేశం లేని అరుంధతీసుతుడు తన మొరను గబ్బిలం ద్వారా శివునికి పంపుతాడు. ఈ కావ్య నేపథ్యంలో శిక్షణాలయపు సంవత్సరాలకూ చోటు కల్పించవలసి ఉంది.