నేర్పడానికా, నేర్చుకోవడానికా?

మొన్న దసరాకు కుండల్‌వాడిలో అందరం కలిసినప్పుడు అక్క బిడ్డ ఒక మాట చెప్పింది. ఆమె చదివే డిజైన్ కాలేజీలో ఈ ఏడు పిల్లలంతా ఏదో ఒక పల్లెకు పోయి, చేతిపనివాళ్ల దగ్గర కొన్ని వారాలు ఉండాలట. పెద్దబాపు అది విని, "ఆళ్లకు నువ్వేం నేర్పిస్తవ్ బిడ్డా? తాతల కాలం నుంచి చేస్తున్నరు" అన్నాడు. అందరం నవ్వినం. కానీ ఆ ప్రశ్న చిన్నది కాదు. దానికి అరవై ఏళ్లు దాటిన చరిత్ర ఉంది. ఆమె బయలుదేరే ముందు చదువుకుంటదని ఇది రాస్తున్నా.

1958లో చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అనే అమెరికా దంపతులు మన ప్రభుత్వం పిలిస్తే వచ్చి, దేశమంతా తిరిగి ఒక నివేదిక ఇచ్చారు. అందులో వాళ్లు అన్నిటికంటే ఎక్కువ మెచ్చుకున్నది మనం రోజూ నీళ్లు ముంచుకునే చెంబును. దాన్ని ఎవరో ఒక్కరు కూర్చుని గీయలేదు, తరతరాల చేతులు దిద్దుకుంటూ వచ్చినయి అని వాళ్ల మాటల సారాంశం. ఆ నివేదిక తర్వాత 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ పుట్టింది. అంటే మన దేశంలో డిజైన్ చదువు మొదలైందే చేతిపనికి దండం పెట్టి.

1975లో రాజస్థాన్‌లోని జవాజా అనే కరువు ప్రాంతంలో ఇంకో అడుగు పడింది. అహ్మదాబాద్ ఐఐఎం డైరెక్టర్ పదవి వదిలిన రవి మత్తాయ్ అక్కడి నేతపనివాళ్లు, తోలుపనివాళ్లతో పని మొదలుపెట్టాడు. డిజైన్ సంస్థ వాళ్లూ చేరారు. కొత్త సరుకు తయారుచేయించడం ఒక్కటే వాళ్ల ఉద్దేశం కాదు. ముడిసరుకు, లెక్కలు, అమ్మకం అన్నీ పనివాళ్లే చూసుకోవాలి, బయటివాళ్ల అవసరం రానురాను తగ్గిపోవాలి. వచ్చినవాళ్లు వెళ్లిపోయాక పని నిలబడిందా లేదా అన్నదే అసలు లెక్క.

మన తెలుగు నేల మీద నాకు నచ్చిన ఉదాహరణ ఏటికొప్పాక. విశాఖ వైపు, వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు. అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ రంగు లక్కను ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటది. నేను కన్నడ మీడియంలో చదివినవాణ్ని, చెన్నపట్నం బొమ్మలు చూస్తూ పెరిగినవాణ్ని. వాళ్లు ఆలె మర అనేదీ, ఏటికొప్పాకలో అంకుడు అనేదీ ఒకటే చెట్టని చాలా ఆలస్యంగా తెలిసింది.

ఏటికొప్పాకలో రసాయన రంగులు వచ్చి పాత రంగులు వెనక్కి పోయినప్పుడు, ఆ ఊరివాడే అయిన సి.వి. రాజు పసుపు, నీలిమందు, గింజలు, బెరడులతో మళ్లీ రంగులు తీసే పని పట్టుకున్నాడు. బొమ్మను పిల్లలు నోట్లో పెట్టుకుంటరు కదా, ఆ రంగు పరీక్ష జరిగేది అక్కడే. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే నాకు ఈ మాట వేరే చెప్పనక్కర్లేదు. 2017లో ఆ బొమ్మలకు జీఐ గుర్తింపు, 2023లో రాజుకు పద్మశ్రీ వచ్చినయి. కొత్త ఆలోచన వచ్చింది, కానీ దాన్ని తెచ్చినవాడు ఊళ్లోనే ఉన్నాడు. తేడా అక్కడుంది.

ఇక మన దగ్గరి నిర్మల్. ధర్మాబాద్, బాసర దాటి పోతే వస్తది. 1956 దాకా నాందేడ్, నిర్మల్ ఒకే హైదరాబాద్ రాష్ట్రం. మన అవ్వ అద్దాల అల్మారాలో పెట్టుకున్న కర్ర సీతాఫలం, జామపండు నిర్మల్‌వే. తేలికైన పొనికి కర్ర చెక్కి, చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపి అతుకులు పూడ్చి, రంగులేస్తారు. అక్కడ పెద్ద ఇబ్బంది పొనికి దొరకకపోవడం. చెట్టు పెరగడానికి ఏండ్లు పడతది. కొత్త బొమ్మ గీసి ఇస్తే ఆ ఇబ్బంది తీరదు. ఒక్క దుంగలో ఎంత పొట్టుగా పోతుంది, మిగిలిన ముక్కలతో ఏం చెయ్యొచ్చు అని పక్కన కూర్చుని చూస్తే మాత్రం కొంత మేలు జరగొచ్చు.

ఇంకొక సంగతి. కుండల్‌వాడిలో మన గల్లీలో గొర్రు, నాగలి చేసే వడ్లాయన ఉన్నాడు గదా. చాన్నాళ్ల కింద ఇద్దరు కాలేజీ పిల్లలు ఆయన దగ్గరికి వచ్చారు. మూడు రోజులు కూర్చుని ఫోటోలు తీసుకున్నరు, కొలతలు రాసుకున్నరు, పుస్తకం అచ్చయినంక పంపిస్తమన్నరు. నేను ఊరికి పోయినప్పుడల్లా ఆయన అడుగుతడు, "ఆ పుస్తకం వచ్చిందా?" అని. ఆయనకు డబ్బు మీద ఆశ లేదు. అందులో తన పేరు ఎట్ల రాసిండ్రో చూడాలని.

అందుకే బిడ్డా, పెద్దబాపు ప్రశ్నకు నా జవాబు ఇది. ముందు నేర్చుకో. నీకు తోచింది చెప్పు, వాళ్లు వద్దంటే ఎందుకు వద్దంటున్నరో అడుగు. వాళ్ల దినం కూలి పోకుండా చూడు. నువ్వు రాసే పుస్తకంలో నీ పేరు పక్కన వాళ్ల పేరు పెట్టు. అచ్చయినంక పోస్టులో పంపకు, నువ్వే తీస్కపోయి చేతికియ్యి.