యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీ పరీక్షలు

రోగనిరోధక వ్యవస్థ దారితప్పడంతో రక్తనాళాల్లో గడ్డలు ఏర్పడే యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్‌ను నిర్ధారించేందుకు తోడ్పడే రక్తపరీక్షలు. 1983లో లండన్ వైద్యుడు గ్రాహం హ్యూస్ ఈ వ్యాధిని వివరించారు. చిన్న వయసులో పక్షవాతం, కాలి సిరల్లో గడ్డలు, పదేపదే గర్భస్రావాలు కనిపిస్తే ఈ పరీక్షలు చేయిస్తారు. యాంటీకార్డియోలిపిన్, యాంటీ బీటా-2 గ్లైకోప్రోటీన్-1, లూపస్ యాంటీకోయాగ్యులెంట్ అనేవి ముఖ్యమైనవి. చివరిది విచిత్రమైనది: పరీక్షనాళికలో ప్లాస్మా గడ్డకట్టడాన్ని ఆలస్యం చేసే యాంటీబాడీలే ఒంట్లో గడ్డలకు కారణమవుతాయి. హెపారిన్, వార్ఫరిన్ వంటి మందులు దీని ఫలితాన్ని తారుమారు చేయగలవు కాబట్టి, వాడుతున్న మందుల సంగతి ల్యాబ్‌కు ముందే చెప్పాలి. కొన్ని ఇన్ఫెక్షన్ల తర్వాత ఈ యాంటీబాడీలు కొంతకాలం కనిపించి పోతాయి. అందుకే ఒక్క పాజిటివ్ రిపోర్టుతోనే జబ్బు ఉందని తేల్చడం సరికాదు. కనీసం 12 వారాల తర్వాత మళ్లీ పరీక్షించాలి.