యోగ్యతమముల మనుగడ: ఒక మాట కథ

డార్విన్ సిద్ధాంతం ఏమి చెబుతున్నదని తరగతిలో అడిగితే, మొదటి బెంచీనుంచి చివరి బెంచీవరకు నాకు వచ్చే సమాధానం దాదాపు ఒకటే: "బలమున్నది బ్రతుకుతుంది, లేనిది చస్తుంది." డార్విన్ చెప్పినది ఇది కాదు. "యోగ్యతమముల మనుగడ" అనే మాటకు ఈ అర్థం ఎట్లా అంటుకున్నదో తెలియాలంటే, ఆ మాట పుట్టుక చూడాలి.

అసలు అది డార్విన్ మాట కాదు. 1859 నవంబరులో వెలువడిన "జాతుల పుట్టుక" మొదటి కూర్పులో అది కనిపించదు. అక్కడ ఆయన వాడినది "ప్రకృతి వరణం". పావురాలు పెంచేవాడు తనకు నచ్చిన పక్షులను ఏరి జతకట్టించినట్లే, ప్రకృతిలో కూడ ఒక ఏరివేత సాగుతున్నదని ఆయన పోలిక. 1864లో హెర్బర్ట్ స్పెన్సర్ అనే ఆంగ్ల తత్త్వవేత్త తన జీవశాస్త్ర గ్రంథంలో, ఈ ప్రక్రియకే "యోగ్యతమముల మనుగడ" అని పేరు పెట్టాడు.

దానిని డార్విన్ చేత పట్టుబట్టి వాడించినవాడు ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్. ప్రకృతి వరణాన్ని స్వతంత్రంగా కనుగొన్న శాస్త్రజ్ఞుడాయన; 1858 జూలై 1వ తేదీన లండన్‌లోని లిన్నేయన్ సొసైటీలో ఇద్దరి రచనలు ఒకేసారి చదివారు. 1866 జూలై 2వ తేదీన వాలెస్ డార్విన్‌కు ఒక పెద్ద ఉత్తరం వ్రాశాడు. వరణమంటే వరించేవాడొకడు ఉండాలి గదా అని చదువరులు భ్రమపడుతున్నారనీ, ఫ్రెంచి రచయిత జానె వంటి పండితుడే ఆ పొరపాటు చేశాడనీ ఆయన బాధ. తెలుగులోను ఇదే చిక్కు ఉన్నది. వరణం అనగానే మనకు స్వయంవరం స్ఫురిస్తుంది. పూలదండ పట్టుకొని ప్రకృతి కన్య నడిచివస్తున్నట్లే ఉంటుంది! వాలెస్ తన సొంత ప్రతిలో "ప్రకృతి వరణం" అన్న చోట్ల ఆ మాట కొట్టివేసి, స్పెన్సర్ మాట వ్రాసుకున్నాడు కూడ.

మూడు రోజులకే డార్విన్ బదులు వ్రాశాడు. సూచన బాగున్నదన్నాడు, కాని ఆ మాటను కర్తగా పెట్టి వాక్యం నడపడం కష్టమన్నాడు, పాత పేరు ఇప్పటికే దేశదేశాల వ్యాపించిందన్నాడు. చివరికి 1869లో వచ్చిన అయిదవ కూర్పులో, నాలుగవ అధ్యాయానికి రెండు పేర్లూ కలిపి పెట్టాడు.

ఒక అపార్థాన్ని తొలగించబోయి తెచ్చిన మాట మరొక అపార్థాన్ని వెంటబెట్టుకొని వచ్చినది. ఇంగ్లీషులో ఆ మాటకు తాళానికి తాళంచెవి సరిపోయినట్లు "అమరినది" అనే అర్థం ఒకటున్నది. మన "యోగ్యుడు" అట్లా కాదు. యోగ్యుడైన అల్లుడు అంటే గుణవంతుడని అర్థం. కాబట్టి చచ్చినది అయోగ్యమైనదే అయి ఉండాలని విద్యార్థి సులభంగా అనుకుంటాడు. ఇది ఒట్టి భాషా విషయమని కొట్టివేయరాదు. బీదలకు ప్రభుత్వం సాయపడడం తగదని స్పెన్సర్ 1851లోనే వాదించాడు. తరువాతి కాలంలో అటువంటి వాదాలకు జీవశాస్త్రపు ముద్ర వేయడానికి ఈ మాట ఎందరికో పనికివచ్చినది. వానలు లేక మొక్క ఎండిపోతే, ఆ మొక్క ఎండవలసినదే అని ఏ శాస్త్రమూ చెప్పదు.

మరొక ఆక్షేపణ తర్కానికి సంబంధించినది. బ్రతికేది ఏది? యోగ్యమైనది. యోగ్యమైనది ఏది? బ్రతికినది. గానుగెద్దు నడకవలె తిరిగి తిరిగి అక్కడికే వస్తాము. చావు బ్రతుకులు తేలకముందే, ఏ లక్షణం ఏ పరిస్థితికి అమరుతుందో కొలిచి చూపగలిగితేనే ఈ ఆక్షేపణ తొలగుతుంది. అట్టి కొలత పసిఫిక్ మహాసముద్రంలోని గలాపగోస్ దీవులలో జరిగినది.

అక్కడ డాఫ్నే మేజర్ అనే చిన్న ద్వీపం ఉన్నది. వైశాల్యం చదరపు కిలోమీటరులో మూడవ వంతు మాత్రమే. పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ అనే శాస్త్రజ్ఞ దంపతులు 1973నుంచి అక్కడి ఫించ్ అనే చిన్న పక్షులను పట్టి, కాళ్ళకు కడియాలు తొడిగి, ముక్కులు కొలిచి వదలిపెడుతూ వచ్చారు. 1977లో వానలు తప్పిపోయినవి. మామూలుగా 130 మిల్లీమీటర్ల వర్షం పడే కాలంలో 24 మిల్లీమీటర్లే పడినది. మధ్యరకపు నేలఫించ్ పక్షులు మెత్తని చిన్న గింజలన్నీ తినివేసినవి. మిగిలినవి పల్లేరు జాతి కాయలు. మన పొలంగట్ల మీద ఒట్టికాళ్ళతో నడిచినవారికి పల్లేరుకాయ సంగతి వేరే చెప్పనక్కరలేదు! దానిని పగులగొట్టాలంటే ముక్కు మందంగా ఉండాలి. సుమారు 1200 పక్షులలో మిగిలినవి 180. వాటి ముక్కు మందం సగటున అర మిల్లీమీటరు ఎక్కువ. ముక్కు పరిమాణం తల్లిదండ్రులనుంచి పిల్లలకు సంక్రమిస్తుంది గనుక, తరువాత పుట్టిన పిల్లలలోను ఆ తేడా కనిపించినది. ఈ "పోరాటం"లో ఒక ఫించ్ మరొక ఫించ్‌ను చంపలేదు, ఆకలి చంపినది.

ఇంకొక సంగతి నాకు మరీ ఆసక్తికరంగా తోచినది. మగపక్షులు కొంచెం పెద్దవి కాబట్టి కరవులో అవే ఎక్కువగా మిగిలినవి. ఒక్కొక్క ఆడపక్షికి అయిదారు మగపక్షులు! కరవును గెలిచిన మగపక్షులలో చాలవాటికి జత దొరకలేదు, సంతానం కలుగలేదు. జీవశాస్త్రజ్ఞుల లెక్కలో అవి బ్రతికినా యోగ్యమైనవి కావు. యోగ్యతను కొలిచేది తరువాతి తరానికి మిగిల్చిన సంతానంతో. స్పెన్సర్ మాటలో ఈ సగం లేనే లేదు.

1983లో ఎల్ నినో వచ్చి ద్వీపంపై 1300 మిల్లీమీటర్లకు పైగా వర్షం కురిసినది. తీగలు అల్లుకొని పల్లేరును కప్పివేసినవి. ఎక్కడ చూసినా చిన్న గింజలే. మళ్ళీ ఎండలు వచ్చినప్పుడు ఈసారి చిన్న ముక్కు పక్షులే ఎక్కువగా నిలిచినవి. ఈలోగా, ఇంకా పెద్ద ముక్కు ఉన్న పెద్ద నేలఫించ్ ఆ ద్వీపంలో కాపురం పెట్టినది. 2003లో తిరిగి వానలు తప్పినవి. 1977 నాటివలెనే పల్లేరుకాయలు మిగిలినవి, కాని వాటిని కొత్తగా వచ్చిన పెద్ద ఫించ్‌లు ఖాళీ చేసినవి. 2004, 2005 సంవత్సరాలలో మధ్యరకపు ఫించ్‌లలో ఎక్కువగా చచ్చినవి పెద్ద ముక్కు పక్షులే.