కొలంబియాకి ఇచ్చిన హెలికాప్టర్లు, వాటి కణక్కు

ఒక దేశం ఇంకో దేశానికి తుపాకులు, హెలికాప్టర్లు సాయంగా ఇస్తే వాటి కణక్కు ఎవరు చూస్తారు అని మన గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు. రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు కాబట్టి పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదవండి. నేను తీసుకున్నది దక్షిణ అమెరికాలోని కొలంబియా కథ.

అక్కడ కోకా అనే చెట్టు ఆకు నుంచి కొకైన్ తీస్తారు. అందులో చాలా భాగం చేరేది అమెరికాకి. ఆ డబ్బుతోనే ఫార్క్ గెరిల్లాలూ బతికారు, వాళ్లకు ఎదురు నిలిచిన ప్రైవేటు సాయుధ ముఠాలూ బతికాయి. కొలంబియా అధ్యక్షుడు ఆంద్రేస్ పాస్త్రానా 'ప్లాన్ కొలంబియా' అని ఒక పథకం తెచ్చాడు. 2000 జూలైలో క్లింటన్ 130 కోట్ల డాలర్ల బిల్లు మీద సంతకం పెట్టాడు. అందులో పెద్ద వాటా మిలిటరీకి, పోలీసులకి. ఆరేళ్లలో మత్తుమందు సాగు, తయారీ, రవాణా సగానికి తగ్గాలని లక్ష్యం పెట్టుకున్నారు.

ఇక కణక్కు. మన దేశంలో సీఏజీ ఉన్నట్టే అమెరికాలో జీఏఓ అని ఒక ఆఫీసు ఉంది. 1921లో పుట్టింది. అది ప్రభుత్వానికి కాదు, వాళ్ల పార్లమెంటుకి జవాబు చెప్పుకుంటుంది. దాని పెద్ద అధికారి పదవీకాలం 15 ఏళ్లు, కాబట్టి అధ్యక్షులు మారినా ఆయన మారడు. నేను బళ్లో అరవంలో 'తణిక్కై' అని నేర్చుకున్నాను, తెలుగువాళ్లు తనిఖీ అంటారు. రైల్వేలో అవి రెండు రకాలు. ఆడిట్‌వాళ్లు కాగితం చూస్తారు. స్టాక్ వెరిఫైయర్ గోడౌనులోకి వచ్చి సామాను లెక్కపెడతాడు. మాకు భయం రెండోవాడంటేనే!

జీఏఓవాళ్లు కాగితంతో ఆగలేదు. 1996లో కొలంబియాకి 4 కోట్ల డాలర్ల మిలిటరీ సామాను పంపారు. ఆ సామాను అక్కడివాళ్లకు పనికొస్తుందా, మరమ్మత్తు చేసుకోగలరా అని సరిగా చూడకుండానే పంపారని 1998లో రాశారు. 2003లో ఇంకో రిపోర్టు వచ్చింది. పథకం పని చేస్తోందో లేదో కొలవడానికి సరైన కొలబద్దే పెట్టుకోలేదని, ముందు ముందు ఎంత ఖర్చవుతుందో లెక్క వేయలేదని అందులో తేల్చారు. 2008 అక్టోబరు రిపోర్టు ఇంకా ముఖ్యం. అప్పటికి ఖర్చు 600 కోట్ల డాలర్లు దాటింది. 2000 నుంచి 2006 దాకా చూస్తే నల్లమందు గసాల సాగు సగం తగ్గింది. కానీ కోకా సాగు సుమారు 15 శాతం, కొకైన్ తయారీ 4 శాతం పెరిగాయి. దేశంలో భద్రత మాత్రం మెరుగుపడిందని అదే రిపోర్టు ఒప్పుకుంది. రెండూ రాయడం నిజాయితీ అని నా అభిప్రాయం.

డబ్బు కణక్కు అది. మనుషుల ప్రాణాల కణక్కు చూసే చట్టం వేరే ఉంది. వెర్మాంట్ రాష్ట్రం సెనేటర్ పాట్రిక్ లేహీ 1997 బడ్జెట్‌లో ఒక షరతు చేర్చాడు. మిలిటరీలో ఏ యూనిట్ ఘోరమైన హక్కుల ఉల్లంఘన చేసిందో దానికి సాయం ఆపాలి, చేసినవాళ్ల మీద ఆ దేశం చర్య తీసుకుంటే తప్ప. మొదట ఇది మత్తుమందుల నివారణ సాయానికే వర్తించింది, తర్వాత మిగతా మిలిటరీ సాయానికీ చేర్చారు.

ఈ చట్టం ఎలా పని చేసిందో శాంటో డొమింగో చెబుతుంది. 1998 డిసెంబరు 13న అరౌకా ప్రాంతంలోని ఈ పల్లె మీద వైమానిక దళం హెలికాప్టర్ బాంబులు వేసింది. 17 మంది చనిపోయారు, అందులో ఆరుగురు పిల్లలు. గెరిల్లాల లారీ బాంబు పేలింది, మేము వేయలేదు అని వైమానిక దళం వాదించింది. అమెరికా ఎఫ్‌బీఐవాళ్లు ముక్కలు పరీక్షించి అది అమెరికాలో తయారైన బాంబు రకమే అన్నారు. అయినా ఆ వైమానిక యూనిట్‌కి సాయం ఆపింది 2003 జనవరిలో, నాలుగేళ్ల తర్వాత.

మధ్యలో ఇంకొకటి జరిగింది. 2000 బిల్లులోనే హక్కుల గురించి కొన్ని షరతులు పెట్టారు. కొలంబియా వాటిలో చాలావాటిని తీర్చలేదు. ఆగస్టులో క్లింటన్ దేశ భద్రత పేరు చెప్పి వాటిని మాఫీ చేసి డబ్బు వదిలాడు. 2002లో ఇంకో మెట్టు దిగారు. మత్తుమందుల కోసమని ఇచ్చిన సాయాన్ని గెరిల్లాలతో యుద్ధానికీ వాడుకోవచ్చని వాళ్ల పార్లమెంటే అనుమతి ఇచ్చింది.

నన్ను ఎక్కువ కలచివేసింది సొయాచా సంగతి. బొగోటా నగరం పక్కన పేదలుండే ఊరు అది. 2008 మొదట్లో అక్కడి కుర్రవాళ్లు ఒక్కొక్కరే మాయమయ్యారు. పని ఇప్పిస్తామని నమ్మించి తీసుకెళ్లారు. కొన్ని నెలలకు వందల కిలోమీటర్ల దూరంలో ఒకాన్యా దగ్గర వాళ్ల శవాలు దొరికాయి. మిలిటరీ రికార్డులో 'పోరులో చనిపోయిన గెరిల్లాలు' అని రాసి ఉంది. చంపిన గెరిల్లాల అంకె పెరిగితే సిపాయిలకు సెలవులు, మెడల్స్ వచ్చేవి. అంకె కోసం అమాయకుల్ని చంపి లెక్కలో చేర్చారు. గోడౌనులో లేని సరుకు రిజిస్టర్లో రాసేవాణ్ని పట్టుకోవచ్చు, మనిషిని చంపి తెచ్చి ఎంట్రీ సరిచేసేవాణ్ని ఏ ఆడిటర్ పట్టుకుంటాడు చెప్పండి?

దీన్ని బయటికి లాగినవాళ్లలో ముందు చెప్పుకోవలసింది ఆ పిల్లల తల్లుల్ని. మావాడు గెరిల్లా కాదు, ఆ ఊరు వాడికి తెలియనే తెలియదు అని ఆఫీసుల చుట్టూ తిరిగారు. 2008 అక్టోబరులో 27 మంది మిలిటరీవాళ్లను తీసేశారు, అందులో ముగ్గురు జనరల్స్. నవంబరులో సైన్యాధిపతి మారియో మొంటోయా రాజీనామా చేశాడు.

2019లో బొగోటాలో హక్కుల సంఘాలవాళ్లు ఒక గోడ మీద మిలిటరీ అధికారుల ముఖాలు, 5,763 అనే అంకె, పైన 'ఆర్డర్ ఇచ్చింది ఎవరు' అని బొమ్మ వేస్తున్నారు. మిలిటరీవాళ్లు వచ్చి తెల్ల పెయింటు కొట్టేశారు. 2021 ఫిబ్రవరిలో అక్కడి శాంతి ఒప్పందం కింద ఏర్పడిన కోర్టు, 2002 నుంచి 2008 దాకా ఇలా చంపబడినవాళ్లు కనీసం 6,402 మంది అని ప్రకటించింది. ఆ తర్వాత గోడల మీద ఆ కొత్త అంకె రాశారు.