ల్యాప్‌టాప్ ఊరికే హ్యాంగ్ అవుతోందా? ముందు ఫైళ్లు, ఆ తర్వాతే రిపేరు

ల్యాప్‌టాప్ మాటిమాటికీ ఆగిపోతే ఎక్కువగా వేడి, చాలని ర్యామ్, పాడవుతున్న హార్డ్ డిస్క్ కారణమవుతాయి. డిస్క్ పోతే అందులోవి మళ్లీ దొరకకపోవచ్చు. అందుకే పిల్లల సర్టిఫికెట్లు, స్కాలర్‌షిప్ కాగితాలు, షాదీ ఫొటోలు ముందే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవాలి.

పూర్తిగా బిగుసుకుపోతే: పవర్ బటన్ 10 సెకన్లు నొక్కి పట్టండి. ఆఫ్ అవుతుంది, కానీ సేవ్ చేయని పని పోతుంది.

వేడి: చాలా కంపెనీలు 35 డిగ్రీల లోపే వాడమంటాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో ఎండాకాలం 40 దాటుతుంది. పరుపు మీద పెడితే గాలి ఆడదు. బల్ల మీద పెట్టండి, ఫ్యాన్‌లో దుమ్ము తీయించండి.

ర్యామ్: కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో మెమరీ 90 శాతం దాటితే అక్కర్లేని ట్యాబ్‌లు మూసేయండి.

డిస్క్: ఏ పనీ చేయకున్నా గంటల తరబడి 100 శాతం దగ్గరే ఉండి, టక్‌టక్ చప్పుడు కూడా వస్తే మార్చాల్సిందే. ఎస్‌ఎస్‌డీ వేయిస్తే పాత ల్యాప్‌టాప్ కూడా వేగం పుంజుకుంటుంది.

షాపులో ఇచ్చేముందు ఇంట్లోవాళ్ల ఫొటోలు కాపీ చేసుకుని, అందులోంచి తీసేయండి. కాపీ లేకుండా ఫార్మాట్‌కు ఒప్పుకోవద్దు.