ఛార్జి నిలవని బ్యాటరీ – మన కెనడా కథ



పోయిన చలికాలం మా బాబాయిగారు రాజమండ్రి నుంచి ఇక్కడికి, వాన్‌లో ఉన్న వాళ్ళమ్మాయి ఇంటికి వచ్చారు. ఒక ఆదివారం పొద్దున్నే ఫోన్. "ఒరే, నా లాప్‌టాప్ అరగంట కూడా నిలవటం లేదురా. పిన్నితో మాట్లాడుతుంటే మధ్యలో చచ్చిపోతోంది. నువ్వు కంప్యూటర్ల వాడివేగా, ఓసారి వచ్చి చూడు" అన్నారు. మనవాళ్ళలో కంప్యూటర్ ఉద్యోగం అంటే ప్రింటరు దగ్గర్నుంచి మైక్రోవేవ్ దాకా అన్నీ మనమే బాగుచెయ్యాలి కదా! సరే, వెళ్ళాను.

వెళ్ళి చూస్తే లాప్‌టాప్ మీద ఒక లావుపాటి నిఘంటువు పెట్టి ఉంది. "ఇదేమిటి బాబాయ్?" అంటే, "మధ్యలో కాస్త ఉబ్బింది. బరువు పెడితే అణుగుతుందని" అన్నారు. రాత్రిళ్ళు దాన్ని ఛార్జింగులో పెట్టి, మనవరాలు పడుకునే మంచం పక్కనే ఉంచుతున్నారట. నాకు గుండె ఆగినంత పనైంది. పుస్తకం తీసేసి, ఛార్జరు పీకేసి, లాప్‌టాప్ ఆపి, తీసుకెళ్ళి గరాజ్‌లో సిమెంటు నేలమీద, చుట్టూ ఏమీ లేనిచోట పెట్టాను. బాబాయి నొచ్చుకున్నారు. "ఛార్జి నిలవటం లేదంటే మైలపడినట్టు బయట పెడతావేమిట్రా?" అన్నారు.

ఆ రోజు ఆయనకి చెప్పిన కథే ఇవాళ మీకూ చెబుతాను. ఇందులో మన కెనడా పాత్ర చాలా ఉంది, ఆ సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

మా బాబాయి తరానికి బ్యాటరీ అంటే స్కూటర్లోదీ, ఇన్వర్టర్‌దీ. అంటే సీసం, ఆమ్లం ఉండే బ్యాటరీ. ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే 1859లో కనిపెట్టింది. 1985లో తిరుపతి దగ్గర మొదలైన అమరరాజా పేరు పెంచింది కూడా ఆ రకమే. అది మొరాయిస్తే డిస్టిల్డ్ వాటర్ పోస్తాం, టెర్మినల్స్ మీద తెల్లగా పేరుకున్నది గీకేస్తాం, మళ్ళీ కొన్నాళ్ళు లాక్కొస్తుంది. తర్వాత నికెల్ కాడ్మియం బ్యాటరీలు వచ్చాయి. వాటిని పూర్తిగా దించి మళ్ళీ పూర్తిగా ఎక్కించాలని అందరూ చెప్పేవారు. ఆ రెండు అలవాట్లూ మనకి ఒంటబట్టాయి. లాప్‌టాప్‌లో ఉండే లిథియం అయాన్ బ్యాటరీకి మాత్రం ఈ రెండూ పనికిరావు. దాన్ని విప్పి బాగుచెయ్యకూడదు, రోజూ సున్నా దాకా దించకూడదు.

సరే, కెనడా సంగతికి వద్దాం. మనం రిమోట్లలో వేసే ఆల్కలైన్ సెల్ వెనక ఉన్న లూయిస్ యూరీ ఒంటారియోలోని పాంటీపూల్ అనే చిన్న ఊళ్ళో 1927లో పుట్టాడు. టొరాంటో విశ్వవిద్యాలయంలో చదివి ఎవరెడీలో చేరాడు. 1955లో కంపెనీ ఆయన్ని అమెరికాలో ఒహాయోకి పంపింది. 1959 నుంచి ఆయన సెల్స్ బజారులోకి వచ్చాయి. అంటే ఈ వాన్ నుంచి కారులో వెళ్ళిరాగలిగినంత దూరంలోనే ఆ కథ మొదలైందన్నమాట.

రెండో కథ పసిఫిక్ ఒడ్డున. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో రూడీ హేరింగ్ అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు ఉండేవాడు. ఆయన పరిశోధనలోంచి 1977లో మోలీ ఎనర్జీ అనే కంపెనీ పుట్టింది. ఒకవైపు మాలిబ్డినం సల్ఫైడు, ఇంకోవైపు అచ్చంగా లిథియం లోహం పెట్టి, మళ్ళీమళ్ళీ ఛార్జి చేసుకోగల సెల్ తయారుచేశారు. 1980లలోనే దాన్ని అమ్మకానికి కూడా పెట్టారు. ప్రపంచంలో అంత ముందుకి వెళ్ళినవాళ్ళు అప్పటికి చాలా తక్కువ.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, లిథియం లోహం మీద ఛార్జి చేసిన ప్రతిసారీ లోహం మళ్ళీ నున్నగా పేరుకోదు. నాచులాగా, సూదుల్లాగా మొలకలు వేస్తుంది. ఒక మొలక పెరిగి పెరిగి అవతలి వైపు తగిలిందా, లోపలే షార్ట్ సర్క్యూట్! 1989లో జపాన్‌లో ఎన్‌టీటీ వారి మొబైల్ ఫోన్లలో ఈ సెల్స్ నిప్పంటుకున్నాయి. సరుకంతా వెనక్కి పిలిపించారు. కంపెనీ దివాలా తీసి జపాను సంస్థల చేతుల్లోకి వెళ్ళింది. పన్నెండేళ్ళ కష్టం కొద్ది నెలల్లో కూలిపోయింది.

అయితే ఆ ఓటమిలోంచే మనకి పనికొచ్చే జ్ఞానం వచ్చింది. అప్పుడు మోలీలో జెఫ్ డాన్ అనే యువ శాస్త్రవేత్త పనిచేస్తున్నాడు. లోహం ప్రమాదం కాబట్టి, దాని బదులు కర్బనం పొరల్లో లిథియాన్ని దాస్తే ఎలా ఉంటుందని చూశారు. మొదటిసారి ఛార్జి చేసినప్పుడు కొంత లిథియం ఖర్చయిపోయి కర్బనం మీద ఒక పలుచని పొర కడుతుందనీ, ఆ పొరే తర్వాత దాన్ని కాపాడుతుందనీ 1990లో డాన్, ఫాంగ్, వాన్ సాకెన్ ప్రచురించిన పరిశోధన వివరించింది. పాలు కాచినప్పుడు మీగడ కట్టినట్టు అనుకోండి. మరుసటి ఏడాది, 1991లో, సోనీ లిథియం అయాన్ సెల్స్‌ని బజారులోకి తెచ్చింది. దీని వెనక ఉన్న గుడినఫ్, విటింగమ్, యోషినో ముగ్గురికీ 2019లో నోబెల్ వచ్చింది. డాన్ 1996లో హాలిఫాక్స్‌లోని డల్హౌసీ విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. సెల్స్ ఎందుకు ముసలివవుతాయి, ఎలా ఎక్కువ కాలం బతికించాలి అన్నదే ఆయన పనిగా సాగింది. 2016 నుంచి ఆయన బృందం టెస్లాతో కలిసి పనిచేసింది.

"ఇంతకీ నా బ్యాటరీ ఎందుకు నిలవదురా?" అని బాబాయి అడ్డుతగిలారు. ఆ మీగడ పొర వల్లే! అది ఒక్కసారి కట్టి ఆగిపోదు. రోజురోజుకీ కాస్త మందం పెరుగుతూ, ప్రతిసారీ కొంచెం లిథియాన్ని తినేస్తుంది. లెక్క చూడండి. ఒక్కో ఛార్జికి వెయ్యింట ఒక వంతు పోయిందనుకుంటే, 500 ఛార్జీల తర్వాత మిగిలేది సుమారు 60 శాతం. పదివేలలో ఒక వంతే పోతే 95 శాతం మిగులుతుంది. వందలో ఒక వంతు పోతే మిగిలేది ఒక్క శాతం కూడా కాదు! చిల్లర ఖర్చులే ఇల్లు ముంచుతాయని మన పెద్దవాళ్ళు అనేది ఇదే. వేడి ఈ ఖర్చుని పెంచుతుంది. ఎప్పుడూ 100 శాతం దగ్గరే ఉంచటం కూడా పెంచుతుంది. లోపలి ద్రవం విరిగి వాయువు పుట్టినప్పుడు బ్యాటరీ ఉబ్బుతుంది. బాబాయి లాప్‌టాప్‌కి జరిగింది అదే.

ఇక మీ ఇంట్లో ఛార్జి నిలవకపోతే ఏం చెయ్యాలో వరసగా చెబుతాను.

ముందు ఉబ్బిందేమో చూడండి. లాప్‌టాప్‌ని బల్లమీద పెడితే ఊగుతోందా, టచ్‌ప్యాడ్ పైకి లేచిందా? అయితే అక్కడితో ఆపండి. ఛార్జి చెయ్యవద్దు, నొక్కవద్దు, పొడవవద్దు.

ఉబ్బు లేదంటే, రెండో పని దాని ఆరోగ్యం చూడటం. విండోస్ ఉన్నవాళ్ళు కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్ సీఎఫ్‌జీ, ఖాళీ వదిలి స్లాష్, బ్యాటరీ రిపోర్ట్ అని ఇంగ్లీషులో కొడితే ఒక నివేదిక వస్తుంది. కొత్తప్పుడు ఎంత పట్టేది, ఇప్పుడు పూర్తిగా ఎక్కిస్తే ఎంత పడుతోంది అన్న రెండు అంకెలూ అందులో ఉంటాయి. రెండోది మొదటిదాంట్లో సగానికి వచ్చిందంటే వయసైపోయిందనే. అంకెలు బాగానే ఉండి, 30 శాతం దగ్గర ఠక్కున ఆగిపోతోందంటే కొలత తప్పి ఉండొచ్చు. ఎప్పుడైనా ఒకసారి పూర్తిగా ఎక్కించి, కిందికి దించి, మళ్ళీ ఎక్కిస్తే ఆ కొలత సర్దుకుంటుంది. దానివల్ల పోయిన శక్తి మాత్రం తిరిగి రాదు.

మూడోది, 80 దగ్గర ఆగిపోతోందని కంగారు పడకండి. ఆయుష్షు కోసం అక్కడే ఆపే సెట్టింగు చాలా లాప్‌టాపుల్లో ఉంటుంది. నాలుగోది, తక్కువ వాట్ల ఛార్జరు పెట్టారేమో చూసుకోండి.

ఐదోది మన చలికి సంబంధించినది. జనవరిలో రాత్రంతా కారులో వదిలేసిన లాప్‌టాప్‌ని తెచ్చి వెంటనే ఛార్జింగులో పెట్టకండి. గడ్డకట్టే చలిలో ఛార్జి చేస్తే లిథియం కర్బనం పొరల్లోకి దూరలేక, పైనే లోహంలా పేరుకుంటుంది. అంటే మోలీని ముంచిన ఆ పాత శత్రువే మళ్ళీ! మామూలుగా ఛార్జింగ్ సర్క్యూట్ దాన్ని అడ్డుకుంటుంది, అయినా గది వెచ్చదనానికి వచ్చేదాకా ఆగటం మంచిది.

ఈ జాగ్రత్త అంతా చాదస్తం అనుకోకండి. 2006లో సోనీ సెల్స్‌లో లోహపు రేణువులు పడినందుకు ఒక్క డెల్ కంపెనీయే 41 లక్షల లాప్‌టాప్ బ్యాటరీలు వెనక్కి తీసుకుంది. 2023 డిసెంబరు 31న మన టొరాంటో సబ్‌వే రైలులోనే ఒక ఈ-బైక్ బ్యాటరీ తగలబడింది. అందుకే చవకగా దొరికిందని ఊరూపేరూ లేని బ్యాటరీ కొనవద్దు. పాతదాన్ని చెత్తబుట్టలో అసలే వెయ్యవద్దు. చెత్త లారీలో నలిగితే అంటుకుంటుంది. వాన్‌లో ఉన్నవాళ్ళు మెక్‌క్లియరీ కోర్టులోని యార్క్ రీజియన్ కేంద్రానికి ముందు ఫోన్ చేసి, ఉబ్బిందని చెప్పి తీసుకెళ్ళండి. ఇండియా వెళ్ళేటప్పుడు విడి బ్యాటరీలని చెక్-ఇన్ పెట్టెలో పెట్టకూడదన్న నియమం కూడా ఇందుకే.

బాబాయి లాప్‌టాప్‌కి ఆ వారమే కొత్త బ్యాటరీ వేయించాం. ఇప్పుడు ఛార్జి 80 దాటనివ్వరు, మంచం పక్కన పెట్టరు. ఆ నిఘంటువు మళ్ళీ అలమరలోకి వెళ్ళింది. మొన్న ఫోన్‌లో, "ఆ మోలీ వాళ్ళు పాపం, తగలబడి మనకి బుద్ధి నేర్పారన్నమాట" అన్నారు. అవును మరి. వాళ్ళు నష్టపోయి తెలుసుకున్నదాన్ని మనం ఊరికే తెలుసుకున్నాం. ఇవాళ ఇంటికి వెళ్ళాక మీ లాప్‌టాప్‌ని ఒక్కసారి బల్లమీద పెట్టి, ఊగుతోందేమో చూసుకోండి.